ఆదివారం తలనొప్పి

ఆ మధ్య మా చర్చి స్త్రీల కూడికలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. గ్యాసు గీజరు వల్ల మా ఇంట్లో ఇద్దరం చావు దాకా వెళ్లి వచ్చామని, దేవుడు కాపాడాడని, ఇళ్లలో గీజరు పెట్టుకున్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలని చెప్పి కూర్చున్నాను. విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఇంటికొచ్చాక నాకు మనసు కుదుట పడలేదు. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ సగం దాచాను. ఆ దాచిన సగం గ్యాసు గురించి కాదు, నా గురించి. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు సుగుణ. రాజమండ్రిలో ఇన్నీసుపేటలో ఉంటాం. ఎయిడెడ్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. నేను చెప్పబోయే రోజులకి నాకు యాభై ఒకటో ఏడు నడుస్తోంది, మా ఆయన పోయి ఆరేళ్లయింది. ఒక్కడే కొడుకు ప్రభాకర్, ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా.

పుష్కరాల ఏడాది, అక్టోబరు, నవంబరు

గోదావరి పుష్కరాలు ముగిసి ఊరు మళ్లీ మామూలు ఊరైన రోజుల్లో ప్రభాకర్ పెళ్లి చేసుకున్నాడు. అమ్మాయి పేరు హేమ. ద్రాక్షారామం దగ్గర ఒక పల్లెటూరు వాళ్లది. వ్యవసాయం చేసుకునే హిందూ కుటుంబం. మా ఊళ్లోనే రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం. వాళ్లిద్దరూ ఇష్టపడి చేసుకున్నారు. పెళ్లికి అటువైపు నుంచి ఒక పిన్ని తప్ప ఎవరూ రాలేదు. నేను ఒప్పుకున్నానంటే కాదనలేక ఒప్పుకున్నాను. ఆ సంగతి హేమకి మొదటి రోజే అర్థమై ఉంటుంది.

పెళ్లికి వారం ముందు ప్రభాకర్ ఇంట్లో గ్యాసు లైను వేయించాడు. అప్పటిదాకా సిలిండరు వంటింటి గట్టు కింద ఉండేది. స్నానానికి పెరట్లో కట్టెల బాయిలరు ఉండేది. సత్తిరాజు అనే పెద్దమనిషి మోపెడ్ మీద వచ్చి, సిలిండర్లను వెనక వరండాలోకి మార్చి, గోడ వెంట రాగి గొట్టం బిగించాడు. ఒక పాయ వంటింటి పొయ్యికి, ఇంకో పాయ స్నానాలగది గోడకి తగిలించిన గీజరుకి. ఆ రోజు నేను స్కూల్లో ఉన్నాను. సత్తిరాజు చెప్పిన జాగ్రత్తలు ప్రభాకర్ విన్నాడు. పెళ్లయ్యాక హేమకి చెప్పాడు. నాకు రెండోవాళ్లు చెప్పే ఉంటారని ఇద్దరూ అనుకున్నారు. నాకు తెలిసిందల్లా, కుళాయి తిప్పగానే పెట్టెలో భగ్గుమని మంట వెలుగుతుందని, నిమిషంలో వేడినీళ్లు వస్తాయని. కట్టెల పొగ తప్పిందని సంతోషించాను.

నవంబరు ఆఖరివారంలో రెండు సంగతులు జరిగాయి. పక్కింటివాళ్లు పై అంతస్తు వేయడం మొదలుపెట్టారు. కర్రల పరంజా మీద నిలబడే మేస్త్రీలకి మా స్నానాలగది వెంటిలేటరు సరిగ్గా ఎదురుగా ఉండేది. వాళ్లు ఎప్పుడూ ఇటు చూసిన పాపాన పోలేదు. అయినా చూస్తున్నారేమోనన్న అనుమానం నాది. ఒక మధ్యాహ్నం పాత టేబుల్ మీది రెగ్జిను గుడ్డ కత్తిరించి, స్టూలెక్కి, వెంటిలేటరుకి లోపలివైపు నుంచి మేకులు కొట్టి మూసేశాను. ఎవరితోనూ చెప్పలేదు. చెప్పుకోవలసిన సంగతని తోచలేదు. హేమ ఆ గుడ్డ చూసిందట గానీ, పక్కింటి పని అయ్యేదాకేలే అని, కొత్త కోడలు కాబట్టి అడగలేదట.

రెండోది, హేమ ల్యాబులో తన డ్యూటీ మధ్యాహ్నానికి మార్చుకుంది.

"పొద్దున్నే స్కూలుకి హడావుడి పడుతున్నారు అత్తయ్య గారూ. కాఫీ, టిఫిను నేను చూసుకుంటానండి" అంది.

డిసెంబరు

తలనొప్పి మొదటిసారి ఒక ఆదివారం చర్చిలో వచ్చింది. రెండో కీర్తన పాడుతుంటే పుస్తకంలో అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చాయి. నుదుటికి ఎవరో తడిగుడ్డ కట్టి వెనక నుంచి మెలిపెడుతున్నట్టు నొప్పి. ముందు బెంచీ పట్టుకుని కూలబడ్డాను. పాస్టరు గారి భార్య వచ్చి, నా పక్కన కూర్చుని, కీర్తనల పుస్తకంతో విసురుతూ ప్రసంగం అంతా అక్కడే ఉండిపోయింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆమె విసిరిన గాలి నాకు ఇప్పటికీ గుర్తు.

ఆ తరవాత రోజూ వచ్చేది. మామూలు రోజుల్లో పలచగా, ఆదివారం మాత్రం తల పగిలిపోయేలా. స్కూలుకి వెళ్లి రెండు పీరియడ్లు అయ్యేసరికి తగ్గిపోయేది.

డాక్టర్ల చుట్టూ తిరగడం మొదలైంది. మొదటి డాక్టరు గారి హాల్లో చెక్క బల్లల మీద కూర్చుని, కాంపౌండరు ఎవరి పేరు పిలుస్తాడా అని చూస్తూ మూడు సాయంత్రాలు గడిపాను. బీపీ బాగానే ఉందన్నారు. ఈ వయసు ఆడవాళ్లకి ఇవన్నీ మామూలేనన్నారు. కళ్ల డాక్టరు అద్దాలు మార్చాడు. ముక్కు డాక్టరు ఆవిరి పట్టమన్నాడు. చివరికి ఒకాయన పెన్ను పక్కన పెట్టి, "ఇంట్లో ఏమైనా మనస్పర్థలా అమ్మా?" అని అడిగాడు. లేవన్నాను. ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే ఆ ప్రశ్న నాతోపాటే వచ్చింది.

ఒకసారి ఆ దోవలో పడ్డాక అన్నీ కనిపించసాగాయి. తలనొప్పి ఎప్పుడొస్తోంది? పొద్దున్న స్నానం చేసి వచ్చి, హేమ ఇచ్చిన కాఫీ తాగుతుండగా. ఎప్పటి నుంచి వస్తోంది? ఆమె వంటింట్లోకి వచ్చినప్పటి నుంచి. ప్రభాకర్‌కి రావట్లేదు. వాడు చిన్నప్పటి నుంచీ పెరట్లో చన్నీళ్లే పోసుకుంటాడన్నది నాకు అప్పుడు లెక్కలోకి రాలేదు. కొడుక్కి రాక తల్లికి మాత్రమే వస్తోందన్నదే లెక్కలోకి వచ్చింది.

క్రిస్మస్‌కి నరసాపురంలో మా అక్క దీనమ్మ దగ్గరికి వెళ్లాను. అయిదు రోజులున్నాను. ఒక్క రోజు కూడా తల నొప్పెట్టలేదు. చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసు సగం అయ్యేసరికి కణతలు మళ్లీ పట్టేశాయి. అక్కకి ఫోన్ చేశాను.

అక్క గొంతు తగ్గించి, "ఒసే సుగుణా, నీకు మందు పెట్టిందేమోనే" అంది.

మందు పెట్టడమంటే మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. మనిషిని లొంగదీసుకోవడానికో, పాడు చేయడానికో అన్నంలోనో కాఫీలోనో ఏదో కలిపి పెట్టడం. అలాంటివి నమ్మకూడదని నేను ఇరవై ఐదేళ్లుగా పిల్లలకి పాఠం చెబుతున్నాను.

"నోర్ముయ్ అక్కా, చర్చికెళ్లేవాళ్లం" అన్నాను.

"చర్చికెళ్లేవాళ్లకి పెట్టరేంటి?" అంది అక్క.

జనవరి

కొవ్వూరు అవతల ఒక పల్లెలో మందు కక్కించే ముసలామె ఉందని అక్క కనుక్కుంది. స్కూలుకి సెలవు పెట్టి, ఇంట్లో స్కూలుకని చెప్పి, బస్సెక్కాను. అక్క కొవ్వూరు బస్టాండులో కలిసింది.

తాటాకుల పాక ముందు పదిహేను మంది దాకా కూర్చున్నారు. ఏ డాక్టరు హాల్లోనూ అంత నిశ్శబ్దం నేను చూడలేదు. అక్కడ జబ్బు గురించి ఎవరూ మాట్లాడుకోవట్లేదు. తోటికోడలు, సవతి తల్లి, పక్క పొలం వాళ్లు, ఇవే మాటలు గుసగుసగా. కూర్చున్న ప్రతివాళ్లకీ ఒక్కొక్క మనిషి మీద అనుమానం ఉంది. నా పక్కనున్న ఆవిడ, "మీకెవరండీ?" అని అడిగింది, ఏ ఊరండీ అన్నంత మామూలుగా. "కోడలు" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అన్నాక ఇంక అది నిజమైపోయింది.

ముసలామె ఏదో ఆకు పసరు తాగించింది. కడుపులో ఉన్నదంతా బయటికొచ్చింది. నేలమీద వెంట్రుక చుట్టుకున్న నల్లటి ఉండ ఒకటి చూపించింది. అది నా నోట్లోంచి పడిందో, ఆమె చేతిలోంచి పడిందో నేను చూడలేదు. చూడాలనుకోలేదు. "ఎవరు పెట్టారో నీకే తెలుసుగదమ్మా" అని మాత్రం అంది. ఆ పూట అక్కతో నరసాపురం వెళ్లి, స్కూలు పని అని ఇంటికి ఫోన్ చేసి, రెండు రోజులుండి వచ్చాను. ఆ రెండు రోజులూ తలనొప్పి లేదు. మందు పోయిందనుకున్నాను.

ఇంటికొచ్చిన మర్నాడే ఆదివారం. మళ్లీ వచ్చింది. మళ్లీ పెడుతోందనుకున్నాను.

ఆ రోజు నుంచి కాఫీపొడి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను. నా అన్నం నేనే వండుకున్నాను. హేమ మూడు రోజులు చూసి, నాలుగోనాడు వంటింటి గుమ్మంలో నిలబడింది.

"నా చేతి వంట మీకు పడట్లేదా అత్తయ్య గారూ?"

"పడకపోవడమేం లేదు. పథ్యం చేస్తున్నాను."

"ఏ పథ్యమో చెప్తే నేనే చేస్తాను కదండీ."

"వద్దులే."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను వాటినీ నమ్మలేదు.

నా చేత్తో కలుపుకున్న కాఫీ తాగినా తలనొప్పి మానలేదు. అప్పుడైనా నాకు తెలివి రావలసింది. అయితే నీళ్లబిందెలో కలుపుతోందనుకున్నాను. స్కూలు నుంచి సీసాలో నీళ్లు తెచ్చుకున్నాను. అయినా వచ్చింది. ఉప్పులో అనుకున్నాను. అనుమానం ఎక్కడా ఓడిపోదు, చోటు మార్చుకుంటుంది. ల్యాబులో రోజంతా సీసాల మధ్య ఉండే పిల్ల, ఆమెకి దొరకని మందేముంటుంది అనుకున్నాను. ఒకరోజు ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఆమె హ్యాండ్‌బ్యాగు తెరిచాను.

లోపల ఒక మాత్రల సీసా, మడత పెట్టిన ల్యాబు కాగితం ఉన్నాయి. కాగితం విప్పి చదివాను. హేమకి నెల తప్పింది.

ఎలా ఉన్న మడత అలా పెట్టి బ్యాగు మూసేశాను. రెండు రోజుల తరవాత ప్రభాకర్, హేమ ఇద్దరూ వచ్చి నాకు ఆ కబురు చెప్పారు. నేను అప్పుడే విన్నట్టు నవ్వాను. దేవుడికి స్తోత్రం అన్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మొహం నాకే ఎబ్బెట్టుగా అనిపిస్తుంది.

హేమ నీరసంగా ఉండేది, వాంతులు చేసుకునేది, రాత్రి ల్యాబు నుంచి వచ్చి, స్నానం చేసి మంచం మీద వాలిపోయేది. అందరం కడుపుతో ఉండడం వల్లే అనుకున్నాం. ప్రభాకర్‌కి మాత్రం ఎందుకో గ్యాసు మీదికి బుద్ధి పోయింది.

"ఇద్దరికీ ఒంట్లో బాగోలేదు. లైను ఎక్కడైనా లీకవుతోందేమో అమ్మా" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. పెళ్లాన్ని కాపాడుకోవడానికి గ్యాసు మీదికి తోస్తున్నాడనుకున్నాను.

సత్తిరాజు వచ్చాడు. గిన్నెలో సబ్బునురగ చేసి, రెగ్యులేటరు మొదలుకుని ప్రతి అతుకు మీదా కుంచెతో పూస్తూ వెళ్లాడు. ఎక్కడా బుడగ లేవలేదు. "కూర్చోబెట్టి చూపిస్తానండి టీచరు గారూ, ఈగ తలకాయంత బుడగ కూడా లేదు" అన్నాడు. గీజరు దగ్గర కూడా చూస్తానంటే అప్పుడే హేమ స్నానానికి వెళ్లి తలుపు వేసుకుంది. బయట ఆ పాయకున్న వాల్వు దగ్గర నురగ పూసి, "ఇక్కడ లేకపోతే అక్కడా లేనట్టేనండి. నా పనిలో లీకుండదు" అని వెళ్లిపోయాడు.

ఆయన మాట నిజమే. లీకు లేదు. ఆ మాటతో గ్యాసు మీద అనుమానం తీరిపోయి, మిగిలిందంతా హేమ మీదే నిలిచింది.

ఫిబ్రవరి

ఆదివారం మా ఇంట్లో తలంటి రోజు. మా అమ్మ దగ్గర నుంచి వచ్చిన అలవాటు. నూనె పెట్టుకుని, కుంకుడు రసంతో రుద్దుకుని, వేడినీళ్లు చాలాసేపు పోసుకుని గానీ చర్చికి బయల్దేరను. ఆ ఆదివారం నేను బయటికొచ్చేసరికి గోడలు తిరుగుతున్నాయి. వరండాలో కుర్చీలో పడ్డాను. హేమకి ఆ రోజు సెలవు. తనూ తలంటుకుంటానని వెంటనే లోపలికి వెళ్లింది. ప్రభాకర్ చేపలకి బజారుకి వెళ్లాడు.

కళ్లు మూసుకుని నీళ్ల చప్పుడు వింటూ కూర్చున్నాను. చాలాసేపటికి ఏదో తేడా తెలిసింది. చెంబు చప్పుడు లేదు. కుళాయి మాత్రం పారుతూనే ఉంది. "హేమా" అన్నాను. పలకలేదు. లేచి వెళ్లి తలుపు కొట్టాను. లోపల గడియ. ఇంకోసారి గట్టిగా పిలిచాను. జవాబు లేదు.

నేను సాక్ష్యంలో చెప్పని సంగతి ఇది. పలకట్లేదని తెలిశాక నాకు మొదట వచ్చిన ఆలోచన, నాటకమాడుతోంది అని. నాకు తలనొప్పని నేనంటున్నాను కాబట్టి తనకీ ఏదో వచ్చిందని మొగుడికి చూపించుకోవాలనుకుంటోంది, వాడు వచ్చేదాకా తియ్యదు, అనుకున్నాను. అలా అనుకుని తలుపు ముందు ఊరికే నిలబడ్డాను. ఒక నిమిషమో, రెండు నిమిషాలో. కుళాయి నీళ్లు తలుపు కిందనుంచి నా పాదాల మీదికి వచ్చాయి. బాగా వేడిగా ఉన్నాయి. అంత వేడి నీళ్లలో కడుపుతో ఉన్న పిల్ల ఊరికే కూర్చోదు. అప్పుడు అరిచాను.

పక్కింట్లో ఆదివారం కూడా పని జరుగుతోంది. పరంజా మీదున్న మేస్త్రీ ఒకాయన నా అరుపు విని, ప్రహరీ దూకి, చేతిలో గునపంతో వచ్చాడు. తలుపు సందులో గునపం పెట్టి ఒక్క ఊపు ఊపితే గడియ ఊడింది. హేమ నేలమీద ఒక పక్కకి ఒరిగి ఉంది. ఒంటి మీద లంగా పైకి కట్టుకుని ఉంది. ఆ మేస్త్రీ తన తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి నా చేతికిచ్చి, తను మొహం పక్కకి తిప్పుకుని, "కప్పండమ్మా, కప్పండి, ఆ కాళ్లు మీరు పట్టుకోండి" అన్నాడు. ఇద్దరం ఆమెని వరండాలోకి లాగాం. ఆయన పేరు వెంకన్న. ఎవరు చూస్తారని నేను వెంటిలేటరు మూశానో ఆ మనిషి.

ఆటోలో హేమ తల నా ఒడిలో ఉంది. ఆమె బుగ్గలు మాత్రం ఎర్రగా, ఎండలోంచి వచ్చిన పిల్ల బుగ్గల్లా ఉన్నాయి. ఊపిరి ఆడుతోంది. సందు చివర చేపల సంచీతో వస్తూ ప్రభాకర్ కనిపించాడు. సంచీ అక్కడే వదిలేసి ఆటో పట్టుకుని వేలాడుతూ వచ్చాడు.

ఆసుపత్రిలో హేమ ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. కుర్ర డాక్టరు, ఉద్యోగంలో కొత్తగా చేరినవాడు, బయటికొచ్చి మమ్మల్ని అడిగాడు.

"ఎక్కడ పడిపోయిందండి?"

"స్నానాలగదిలో."

"గ్యాసు గీజరు ఉందా?"

"ఉందండి. లీకు లేదని మొన్ననే చూపించాం" అన్నాడు ప్రభాకర్.

"లీకు కాదండి ఇది. గాలి చాలని చోట గ్యాసు సరిగా మండక ఒక విషపు గాలి పుడుతుంది. దానికి వాసన ఉండదు, పొగ ఉండదు. మీ గదికి కిటికీ ఉందా?"

"వెంటిలేటరు ఉంది" అన్నాడు ప్రభాకర్. "ఎప్పుడూ తెరిచే ఉంచమన్నారు. తెరిచే ఉంటుంది."

నేను గోడ పట్టుకున్నాను. "లేదు బాబూ, మూసి ఉంది" అన్నాను. "నవంబరులో నేనే మూశాను. మేకులు కొట్టి."

ప్రభాకర్ నావైపు తిరిగాడు. కూర్చోవడానికి బల్ల కోసం చుట్టూ చూసి, దొరక్క నేలమీదే కూర్చున్నాడు. డాక్టరు నన్ను చూసి, "మీకు కూడా తలనొప్పులు వస్తున్నాయా?" అని అడిగాడు. ఆ ప్రశ్న కోసమే నేను రెండున్నర నెలలుగా ఎన్ని హాళ్లలో కాచుకుని కూర్చున్నానో. అప్పుడు మాత్రం జవాబు చెప్పడానికి సిగ్గేసింది.

ఆ సాయంత్రానికి హేమ కళ్లు తెరిచింది. తన పేరు చెప్పింది, ప్రభాకర్ని గుర్తుపట్టింది. కడుపులో బిడ్డ సంగతి మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు. గుండె కొట్టుకుంటోంది, అంతవరకు మంచిదే, మిగతాది పుట్టేదాకా చెప్పలేమన్నారు.

మర్నాడు హేమ అమ్మానాన్నలు వచ్చారు. పెళ్లికి రానివాళ్లు మొదటి బస్సుకి వచ్చారు. వాళ్లమ్మ కాంతమ్మ గారు కూతురి మంచం పట్టుకుని ఏడ్చి, తరవాత వసారాలోకి వచ్చి నా ముందు నిలబడింది.

"మా పిల్లని ఏం చేశారండి?" అంది.

నేను ఇడ్లీ, కారియరులో పాలు తెచ్చాను. ఆమె కారియరు మూత తీసి, పాలు వాసన చూసి, పక్కన పెట్టేసింది. కింద కొట్టులో వేరే పాలు కొనుక్కొచ్చి కూతురికి పట్టింది. నాకు కోపం రాలేదు. ఆ చూపు నాకు బాగా తెలుసు. రెండున్నర నెలలు నేను చూసిన చూపే అది.

మూడో రోజు హేమని వాళ్లు వాళ్ల ఊరు తీసుకెళ్లిపోయారు. ప్రభాకర్ అడ్డు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మార్చి నుంచి ఆగస్టు

సత్తిరాజు కబురు తెలిసి వచ్చాడు. స్నానాలగదిలోకి వెళ్లి, ప్రభాకర్ చింపేయగా వేలాడుతున్న రెగ్జినుని, మేకుల్ని చూసి, పెద్దమనిషి బయటికొచ్చి మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"నా తప్పేనండి టీచరు గారూ. ఆ రోజు ఆ గది చూడకుండా వెళ్లిపోయాను. సబ్బునురగ లీకునే పట్టుకుంటుందండి. మండిన గాలి ఎటు పోతోందో అది చెప్పదు."

"మూసింది నేను" అన్నాను.

"మూశారో లేదో చూడాల్సింది నేనండి."

ఇద్దరం అలా కాసేపు తప్పు పంచుకున్నాం. తరవాత ఆయన గీజరుని గదిలోంచి ఊడదీసి, పెరటివైపు గోడకి బయట తగిలించి, నీళ్ల గొట్టం మాత్రమే లోపలికి తెచ్చాడు. "ఏ ఇంటికి వెళ్లినా ఇంక ఇలాగే బిగిస్తానండి. కుదరదంటే పని ఒప్పుకోను" అన్నాడు. ఒప్పుకోవట్లేదని తరవాత ఇద్దరు ముగ్గురు చెప్పగా విన్నాను.

ఇది చదివేవాళ్లలో గీజరు స్నానాలగది లోపలే ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. వాసన రావట్లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోకండి. స్నానం చేశాక తల నొప్పెడితే, ఊరెళితే తగ్గితే, ముందు ఆ గదికి గాలి ఎటునుంచి వస్తోందో చూడండి. మనుషుల్ని తరవాత చూడవచ్చు.

నా తలనొప్పి మళ్లీ రాలేదు. కానీ ఆ నెలలు ఆరోగ్యంగా గడిచాయని చెప్పలేను. పొద్దున్నే లేచి, కుళాయి తిప్పి, పెరట్లోకి వెళ్లి గీజరు మంట రంగు చూసేదాన్ని. నీలంగా కాక పసుపుగా మండితే గ్యాసు సరిగా మండట్లేదని సత్తిరాజు చెప్పాడు. పసుపు కనిపిస్తే దగ్గరికి పరిగెత్తేదాన్ని, తీరా చూస్తే ఎండ పడిన రాగి గొట్టం. ఏ కొంచెం నీరసంగా ఉన్నా ఇల్లంతా వెతికేదాన్ని. ఒక్క తేడా, ఇప్పుడు మనుషుల్లో వెతకట్లేదు. ప్రభాకర్ ప్రతి శనివారం ద్రాక్షారామం బస్సెక్కేవాడు. తిరిగొచ్చాక "బాగానే ఉంది" అనేవాడు. అంతకు మించి మా మధ్య మాటలు ఉండేవి కావు. వాడు ఎప్పుడూ నన్ను నిందించలేదు. నిందిస్తే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

సెప్టెంబరు

హేమకి ఆడపిల్ల పుట్టింది. కాకినాడలో కాన్పు. పిల్ల గట్టిగా ఏడ్చిందని, డాక్టర్లు కాళ్లూ చేతులూ కళ్లూ అన్నీ చూసి ఏ దోషమూ లేదన్నారని ప్రభాకర్ ఫోన్‌లో చెబుతూ ఏడ్చాడు. ఫోన్ పెట్టాక నేను కుర్చీలో కూర్చోలేక నేలమీద కూర్చుని ప్రార్థన చేశాను.

ఇరవై రోజుల తరవాత వాళ్ల ఊరు వెళ్లాను. కాంతమ్మ గారు మంచినీళ్లిచ్చి, "రండి వదినగారూ" అన్నారు. అంతే అన్నారు. హేమ లోపలి గదిలో పిల్లని పక్కన పడుకోబెట్టుకుని ఉంది. కాస్త ఒళ్లు చేసింది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

బస్సులో ఎన్నో మాటలు సిద్ధం చేసుకున్నాను. అవేవీ నోటికి రాలేదు. వచ్చినవి వచ్చినట్టు చెప్పేశాను. మందు పెట్టావనుకున్నానని, కొవ్వూరు అవతలికి వెళ్లి పసరు తాగానని, నీ బ్యాగు తెరిచానని, నువ్వు చెప్పకముందే నాకు కబురు తెలుసని. ఆఖరికి తలుపు ముందు నిలబడిన సంగతి. "నువ్వు నాటకమాడుతున్నావనుకున్నానమ్మా. అలా అనుకుని ఆగాను. ఎంతసేపు ఆగానో తెలియదు."

హేమ పిల్ల మీది గుడ్డ సర్దింది. పిల్ల నిద్రలో పెదవులు కదిలించింది.

"మీరు నా చేతి వంట మానేశారని నాకు తెలుసు" అంది. "నేను కులం కాని పిల్లననో, మతం కాని పిల్లననో అనుకున్నాను. ఇది అనుకోలేదండి." గుమ్మం వైపు చూసి, "మా అమ్మకి ఇప్పుడే చెప్పకండి అత్తయ్య గారూ. మీ అబ్బాయికి నేను చెప్తాను" అంది.

"నువ్వు ఆ ఇంటికి రానంటే నేను అడగను" అన్నాను. "మీరిద్దరూ వేరే ఇల్లు తీసుకున్నా సరే."

"వస్తానండి. మీరు చెప్పకుండా ఉంటే రాకపోదును. మీ మనసులో ఏముందో తెలియక రోజూ మీ మొహం చూస్తూ ఉండాలి కదా, అది నావల్ల కాదు." ఆమె గొంతులో మెత్తదనమేమీ లేదు. "మర్చిపోయానని మాత్రం అనుకోవద్దు. నాకు టైం పడుతుంది."

"పట్టనీ" అన్నాను.

వంటింట్లోంచి వాళ్లమ్మ అన్నానికి పిలిచింది. హేమ లేచి, చీర సర్దుకుని, పిల్లవైపు, నావైపు చూసింది. ఒక క్షణం ఆగింది. తరవాత వంగి పిల్లని రెండు చేతులతో ఎత్తి నా ఒడిలో పెట్టింది.

"మెడ కింద చెయ్యి పెట్టండి. ఏడిస్తే జోకొట్టండి, నేను తినేసి వస్తాను" అని వెళ్లిపోయింది. వెళ్తూ తలుపు దగ్గరగా వేసింది.

పిల్ల చాలా తేలిగ్గా ఉంది. వేడిగా ఉంది. కాసేపటికి తలుపు కొద్దిగా తెరుచుకుని కాంతమ్మ గారు లోపలికి చూశారు. నన్ను, నా ఒడిలో పిల్లని చూసి, అక్కడే నిలబడ్డారు. "అమ్మా, కూర వెయ్యవే" అని వంటింట్లోంచి హేమ పిలిచింది. ఆవిడ ఇంకొంచెంసేపు నిలబడి, తలుపు మళ్లీ దగ్గరగా వేసి వెళ్లిపోయారు.